ఆకాశ కాలువ లస్కరు

ఆ పొద్దున ఆకాశం ఏ పనీ చేయడం లేదు. మబ్బు లేదు, గాలి లేదు, ఎగరడానికి ఒక గద్దయినా లేదు. మా దిక్కు ఆకాశానికి అది అలవాటే. దాన్ని చూసి సంతోషపడిన మనిషిని మాత్రం అంతవరకూ నేను చూడలేదు. జీపు దిగిన ఒక ఆడమనిషి కాలువ గట్టెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసి, "ఎంత బాగుందో! ఏమీ లేదు!" అంది.

నేను ఆ కాలువకు లస్కరును. లస్కరంటే గట్టు వెంబడి కట్టె పట్టుకుని తిరిగి, నీళ్లు దొంగతనం కాకుండా, ఎనుములు దిగకుండా, గండి పడకుండా కాచేవాడు. మా కాలువలోకి తవ్విననాటి నుంచీ నీళ్లు రాలేదు. కనుక నా డ్యూటీలో ఒక్క దొంగతనమూ జరగలేదు, ఒక్క గండీ పడలేదు. ఉత్తమ లస్కరని నాకొకసారి శాలువా కూడా కప్పారు.

కాలువకు ఆఫీసుంది. ఆఫీసుకు ఇంజనీరుగా డీఈ పద్మనాభయ్య గారున్నారు. కాలువలో నీళ్లు లేవని ఆయన ఎన్నడూ అనలేదు. "కాలువ ప్రస్తుతము మూసివేత కాలములో ఉన్నది" అంటారు. మిగతా కాలువలకు ఏటా కొన్నాళ్లు నీళ్లాపి మరమ్మతులు చేస్తారు. దాన్ని మూసివేత కాలం అంటారు. మా కాలువకు అది మొదలైంది గాని అయిపోలేదు, అంతే తేడా.

అయితే ఆ ఏడు పైవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. నీళ్లు లేని కాలువకు ఆఫీసెందుకని. ఆ మాట విన్నప్పటి నుంచి డీఈ గారికి అన్నం సయించడం లేదు. జీపులో వచ్చిన ఆడమనిషి సరిగ్గా అప్పుడే ఆయన ముందు నిలబడి, కాలువ గట్టు మీద ఒక పొడుగాటి తీగ కట్టుకోవడానికి అనుమతి అడిగింది. ఆమె పేరు హైమావతి. పెద్ద పరిశోధనా సంస్థలో డాక్టరు. సూదులు వేసే డాక్టరు కాదు.

"తీగ దేనికోసరము?" అన్నారు డీఈ.

"ఈల వినడానికి సార్."

డీఈ గారు నా వైపు చూశారు. నేను ఈల వేయలేదని తల అడ్డంగా ఊపాను.

మేడం ఓపిగ్గా చెప్పింది. "దూరాన దక్షిణ సముద్రం మీద పిడుగు పడిందనుకోండి. అందులోంచి రేడియో అల పుట్టి పైకి పోతుంది. భూమి ఒక అయస్కాంతం కదా. దాని గీతలు దక్షిణాన లేచి, ఆకాశంలో వంగి, ఉత్తరాన దిగుతాయి. అంత పైన ఉండేది మనం పీల్చే గాలి కాదు, ప్లాస్మా. కరెంటు నిండిన పలచటి వాయువు. అది అంతటా ఒకే చిక్కదనంతో ఉండదు. ఆ గీతల వెంబడి పోగులు పోగులుగా, ఒకచోట కాస్త చిక్కగా, పక్కన కాస్త పలచగా ఉంటుంది. అల అలాంటి పోగులో దూరిందా, ఇటూ అటూ చెదరకుండా దాన్నే పట్టుకుని పోయి అవతల దిగుతుంది. దిగేసరికి సన్నటి స్వరం ముందు, లావు స్వరం వెనక పడి, హెడ్‌ఫోన్లలో ఈల పైనుంచి కిందికి జారినట్టు వినపడుతుంది."

నేను పైకి చూశాను. పోగులేమీ కనబడలేదు. డీఈ గారు కూడా చూశారు. ఆయన ముఖం చూసి మేడం జాలిపడింది. అక్కడే ఆమె పొరపాటు చేసింది.

"ఎలా చెప్పాలి... మీ కాలువ లాగే అనుకోండి సార్. గట్లు నీళ్లను దారి తప్పకుండా తీసుకుపోయినట్టే, ఆ పోగు అలను తీసుకుపోతుంది."

డీఈ గారు కుర్చీలోంచి లేచారు. ఆయన అలా లేవడం నేను పెద్ద ఇంజనీరు ఎస్ఈ గారు వచ్చినప్పుడు తప్ప చూడలేదు.

"కాలువయా?"

"అంటే... పోలికకు సార్."

"కాలువ ఎక్కడున్ననూ కాలువయే. కాలువ నేల మీదనే ఉండవలెనని మా శాఖ నియమావళిలో ఎక్కడనూ వ్రాయబడి లేదు."

"కానీ సార్, అది ఇక్కడికి రాదు" అంది మేడం కంగారుగా. "ఉత్తరాన మా స్టేషన్లలో వింటున్నాం. మీ ఊరు భూమి అయస్కాంతపు నడిమి గీతకు దగ్గర. ఇక్కడ ఆ పోగులు దిగవు. అందుకే ఇక్కడికొచ్చాను. అక్కడ విన్నది నిజం ఈలా, లేక మా యంత్రం చేసే గోలా అని తేలాలంటే, ఈల రాని చోట కూడా ఒక తీగ ఉండాలి. నాకు మీ ఊరి నుంచి కావలసింది సున్నా."

"ప్రస్తుతము రాకపోవచ్చును" అన్నారు డీఈ గారు దయగా. "మా కాలువకును ప్రస్తుతము రాలేదు. మేము ఆఫీసు తెరవలేదా?"

వారం తిరక్కముందే మా ఆఫీసు బోర్డు మారింది. ఆకాశ కాలువ నిర్వహణ ఉపవిభాగము. నియమాలు కొత్తగా రాయలేదు. పాతవే తీసి, నీరు అన్నచోటల్లా కొట్టేసి ఈల అని రాశారు. సదరు ఆకాశ కాలువలో ఎవరును ఎనుములను కడగరాదు. గట్లపై చెట్లు నరకరాదు. తూములను పగులగొట్టి ఈలను అక్రమముగా మళ్లించువారు శిక్షార్హులు. లస్కరు ఉదయము, సాయంత్రము కాలువ పొడవునా నడిచి గండ్లను పరిశీలించవలెను.

"సార్, నడిచేదెట్లా?" అన్నాను.

"కింద నడుచుచూ పైకి చూడుము" అన్నారు.

అలా నేను ఆకాశానికి లస్కరునయ్యాను. పైకి చూస్తూ నడిచి రెండుసార్లు కాలువలో పడ్డాను. నీళ్లు లేవు గనుక ప్రమాదం తప్పింది.

దక్షిణ సముద్రంలో ఈల వదిలే తల తూము దగ్గర ఎవరు డ్యూటీలో ఉన్నారో తెలపాలని డీఈ గారు ఒక ఉత్తరం కూడా రాయించారు. సముద్రం అడ్రసు కోసం మేడంను అడిగితే ఆమె తల పట్టుకుంది.

తర్వాత ఆయకట్టు రైతులతో మీటింగ్ జరిగింది. ఎగువపల్లె వాళ్లూ, మా దిగువపల్లె వాళ్లూ వచ్చారు. ఇన్నేళ్లుగా కాలువ మీటింగ్‌లకు వచ్చి వచ్చి, ఏ మీటింగ్‌కు పిలిచినా రావడం మా వాళ్లకు అలవాటైపోయింది. ఈలను వంతుల ప్రకారం వదులుతామని డీఈ గారు ప్రకటించారు. మా ఊళ్లో శెనక్కాయ పంట వేసే కుళ్లాయప్ప లేచాడు.

"సార్, ఈల పారిస్తే శెనక్కాయ కాస్తాదా?"

"ప్రయోగములు జరుగుచున్నవి."

"ఎంత లోతుకు తడుస్తాది?"

"తడవదు. వినబడును."

"వినపడితే చాల్లేప్పా" అన్నాడు కుళ్లాయప్ప కూర్చుంటూ. "నీళ్లయితే వినపడను గూడా ల్యాదు."

మేము కాలువ చివరన ఉన్నవాళ్లం. ఎగువవాళ్లు వాడుకోగా మిగిలిందే మాకు రావాలి. ఇక్కడా అదే జరుగుతుందని మా ఊరికి అనుమానం పట్టుకుంది. మర్నాడే ఎగువపల్లెలో ఒకాయన మిద్దె మీద టీవీ గొడుగు కనబడింది. మా వాళ్లు గుంపుగా పోయి, "మా వంతు ఈల నువ్వు లాక్కుంటాండావ్, దించు దాన్ని" అని గొడవ పెట్టుకున్నారు. ఆయన అది సీరియళ్ల కోసమని ఎంత మొత్తుకున్నా వినలేదు. గొడుగును అక్రమ తూముగా రాసుకుని నేను దించేశాను. ఆయన భార్య నన్ను తిట్టిన తిట్లు మాత్రం ఏ వంతూ లేకుండా పారాయి.

ఇంతా చేస్తే, మేడం తీగలో ఈల లేదు. ఆమె పెట్టె ముందు కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రోజూ నవ్వుకుంటూ లేచేది. "అద్భుతం సార్. సున్నా. నేననుకున్నట్టే సున్నా."

డీఈ గారు మాత్రం ఏ రోజూ నవ్వలేదు. పైకి ప్రగతి నివేదిక పోవాలి.

"అమ్మా, సున్నా అనునది పైకి పంపదగిన అంకె కాదు" అన్నారు చివరికి. "అవరోధము ఎచ్చటనో ఉన్నది. వెదుకుడు."

"అవరోధం ఏం లేదు సార్. పొద్దున కాసేపు దగ్గర్లో ఏదో మోటారు తిరుగుతుంది. అప్పుడు చిటచిటమంటుంది. ఆ కాసేపు నేను లెక్కలోంచి తీసేస్తాను."

మేడం ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మోటారు మారెక్కది. గట్టు కింద రేకుల షెడ్డులో ఆమె పిండి మిషను ఉంది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ మిషను, ఆ గొంతు. మిషను తిరిగేటప్పుడు కూడా ఆమె మాట వినపడుతుంది. మా రెండూళ్ల రాగులు, జొన్నలు, మిరపకాయలు అక్కడే పిండి కావాలి. వరసకు ఆమె నాకు అక్క. డీఈ గారు సీలు వేసే సామాను నా చేతికిచ్చి తాను వెనక నిలబడ్డారు.

"ఏమప్పా ఎర్రిసామీ, ఏందది చేతిలో?" అంది మారెక్క.

"సీలక్కా."

"ఎవురికి?"

నేను మిషను వైపు చూశాను. ఆమె నా వెనకున్న డీఈ గారి వైపు చూసింది.

"ఏం సామీ, నా మిషనేం చేసిండాది?"

"సదరు యంత్రము ఆకాశ కాలువ ప్రవాహమునకు అడ్డుకట్టగా ఉన్నట్లు నిర్ధారణ అయినది" అన్నారు డీఈ. "ఇది తిరిగినచో ఈల ఆగును."

"ఇది ఈడుంది, కాలువ ఆడుంది!" అని ఆమె వేలు ఆకాశానికి ఎత్తింది. "ఇది తిరిగితే అది ఆగుతాదా? అంత బలముంటే నేనింకా రాగులేంటికి ఆడిస్తాండా?"

"నిబంధనలకు బలముతో నిమిత్తము లేదు."

"నా కడుపుకో? దానికీ నిమిత్తం ల్యాదా?"

డీఈ గారు నాకు మిషను వైపు వేలు చూపించారు. నేను సీలు వేశాను. లక్క కారి నా వేలు కాలింది. "బాగా అయింది" అంది మారెక్క.

మేడం పరుగెత్తుకొచ్చింది. "సార్, దయచేసి... ఆమె మిషన్ ఆపక్కర్లేదు. నాకు ఆమెతో ఇబ్బందే లేదు!"

"మీకు లేకపోవచ్చును" అన్నారు డీఈ గారు. "ప్రవాహమునకు ఉన్నది."

మిషను ఆగినా ఈల రాలేదు. కనుక అడ్డుకట్టలు ఇంకా ఉన్నాయని తేలింది. బోరు మోటార్లు ఆగాయి. మిక్సీలు ఆగాయి. ఆటోల్లో నిప్పురవ్వ పుడుతుందని ఆటోలు ఆపారు. దాంతో పక్క మండలానికి పోయి పిండి ఆడించుకునే దారీ మూసుకుంది. ఉన్న పిండి డబ్బాలు అడుగంటాయి. రాగులు మూటల్లో రాగులుగానే కూర్చున్నాయి. బియ్యం ఉన్నవాళ్లు అన్నం వండుకున్నారు. రాగి ముద్ద లేకుండా తిన్నది తిన్నట్టు కాదని ముసలివాళ్లు అలిగి పడుకున్నారు. మారెక్క షెడ్డు ముందు గోనెసంచి పరుచుకుని, సీలు వైపు చూస్తూ కూర్చునేది. ఆమె గొంతు రోజురోజుకూ తగ్గడం నేను గమనించాను. అది నాకు మిషను ఆగినదానికన్నా కష్టంగా తోచింది.

అప్పటికీ ఈల రాలేదు. డీఈ గారు కొత్త సర్క్యులర్ తీశారు. యావన్మంది గ్రామస్థులు నిశ్శబ్దము పాటించవలెను.

మేడం దాదాపు ఏడ్చింది. "సార్, అది రేడియో అల. మాటలకూ దానికీ సంబంధం లేదు. ఊరంతా కేకలేసినా నా తీగకు వినపడదు!"

"క్రమశిక్షణకు సంబంధము ఉన్నది" అన్నారు డీఈ గుసగుసగా. నియమం ఆయనకూ వర్తిస్తుంది.

ఇక మా ఊరిని చూడాలి. రైతులు ఎద్దులను కళ్లతో అదిలించారు. సంతలో బేరాలు వేళ్లతో సాగాయి. కుళ్లాయప్ప, ఆయన పెండ్లాం సైగలతో కొట్లాడుకుని, సైగలతోనే రాజీ పడ్డారు. పెళ్లి ఒకటి జరిగింది. మేళగాళ్లు డోలు మీద చెయ్యి ఆడిస్తూ ఆనించకుండా వాయించారు. పంతులు పెదాలు కదిపాడు, వరుడు తాళి కట్టాడు. అందరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి గాని ఎవరూ ముక్కు చీదలేదు. కోళ్ల గూళ్లకు సర్క్యులర్ కాగితం అతికించడం నా డ్యూటీలో చేరింది. దాన్ని కోళ్లు చదవలేదు.

అప్పుడు ఎస్ఈ గారు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ఎస్ఈ విఠలేశ్వర్రావు గారు డీఈ గారికి పైవాడికి పైవాడు. ఆఫీసు ఉండాలో పోవాలో ఆయన మాట మీద ఉంది. ఈలలు రాత్రిపూట బాగా వినపడతాయని మేడం చెబితే, రాత్రిపూట తనిఖీకి నియమావళి ఒప్పదని మిట్టమధ్యాహ్నం పెట్టారు. భోజనం ఏర్పాటు కూడా ముందే రాసి పంపారు. అయ్యగారికి షుగరు, అన్నం ముట్టరు, రాగి సంగటి మాత్రమే.

డీఈ గారు ఆ కాగితం నాకు చూపించారు. నేను మారెక్కకు చూపించాను. మారెక్క సీలును నాకు చూపించింది. అంతా నిశ్శబ్దంగానే జరిగింది.

జీపు ఇంజను శబ్దం చేస్తుందని ఎస్ఈ గారిని మైలు అవతలే దించారు. ఆయన పొద్దున టీ తాగి బయల్దేరిన మనిషి. ఎండలో కాలువ గట్టున నడిచి వచ్చేసరికి చొక్కా పిండితే కాలువ పారేలా ఉంది. డీఈ గారు పెదాలు కదుపుతూ స్వాగతోపన్యాసం ఇచ్చారు. మేము అరచేతులు ఆనించకుండా చప్పట్లు కొట్టాం. ఎస్ఈ గారు నోటితో ఏమీ అనకుండా చేత్తో పొట్ట చూపించారు. డీఈ గారు వినయంగా హెడ్‌ఫోన్లు చూపించారు. ముందు తనిఖీ, తర్వాత భోజనం. అది నియమం.

ఎస్ఈ గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. రెండూళ్ల జనం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఆకు కదలలేదు. మేడం పెట్టె మీద గీత చదునుగా, ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది.

అప్పుడు వచ్చింది.

సన్నగా, పైస్థాయిలో మొదలైంది. మెల్లగా లావెక్కుతూ కిందికి జారింది. జారీ జారీ, అట్టడుగున గుడగుడమని ఆగింది.

అందరం విన్నాం. అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అందరం చూశాం. ఎస్ఈ గారి చొక్కా కింది గుండీ దగ్గర. కుళ్లాయప్ప తలగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. ఆయన పెండ్లాం వెనక్కి తిరిగి భుజాలు కదుపుతూ నిలబడింది. నియమం అంటే నియమం.

ఎస్ఈ గారు హెడ్‌ఫోన్లు పెరికేసి లేచారు. "వచ్చింది!"

డీఈ గారు ఒక్క క్షణం ఆ గుండీ వైపు చూశారు. తర్వాత తన ఆఫీసు బోర్డు వైపు చూశారు. "వచ్చినది సార్" అన్నారు.

"సార్, గీతలో..." అని మేడం నోరు తెరిచింది. ఇంతలో రెండోది వచ్చింది. మొదటిదానికన్నా పొడుగు.

"హెడ్‌ఫోన్లు లేకుండానే!" అన్నారు ఎస్ఈ గారు, కళ్లు పెద్దవి చేసి. "ప్రవాహం ఇంత ఉద్ధృతంగా ఉందా?"

"పూర్తి స్థాయి ప్రవాహము సార్."

అప్పటిదాకా గోనెసంచి మీద కూర్చున్న మారెక్క లేచి, చీర దులుపుకుని ముందుకు వచ్చింది. చాన్నాళ్ల తర్వాత ఆమె గొంతు పాత గొంతులా పలికింది.

"సామీ, ఇంత పారుతాంటే గండి పడదా?"

ఆ ఒక్క మాటతో ఇద్దరు ఇంజనీర్ల ముఖాలూ తెల్లబోయాయి. నీళ్లు రాకపోతే శాఖలో ఎవరినీ ఎవరూ ఏమీ అనరు. గండి పడితే మాత్రం ఉద్యోగాలు పోతాయి. గండి అన్న మాట వింటే నిద్రలో కూడా లేచి కూర్చునే మనుషులు వాళ్లు.

"పద్మనాభయ్యా, గట్లు నిలుస్తాయా?"

"గట్లు... పరిశీలనలో ఉన్నవి సార్. లస్కరు!"

నేను ఆకాశం వైపు చూశాను. "పలచగా ఉండాయి సార్" అన్నాను. మేడం చెప్పిందే కదా.

"అయితే తక్షణం కాలువ మూసేయండి! మరమ్మతులయ్యేదాకా మూసివేత కాలం ప్రకటించండి!"

"చిత్తము సార్. కానీ తలుపు..." డీఈ గారు చేతులు నలిపారు. "మూయుటకు తలుపు లేదు సార్."

"తలుపు లేకుండా కాలువెట్లా కట్టావయ్యా!"

మూడోది వచ్చింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"ల్యాకేం సామీ" అంది మారెక్క. "ఉండాది. నా మిషను తిరిగితే ఈల ఆగిపోతాదని ఈ సామే గదా సీలేసింది. ఈల ఆపేదాన్ని తలుపనరా? తలుపుకు సీలేసుకుని, కాలువ మూయల్లంటే ఎట్ల?"

ఎస్ఈ గారు డీఈ గారి వైపు చూశారు. డీఈ గారు వేళ్ల మీద నియమాలు లెక్కపెట్టుకున్నారు. నియమావళిలో ఆ మాటకు ఎదురు లేదు. చివరికి ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది.

"సదరు పిండి మిషను" అన్నారు గొంతు సవరించుకుని, "ఇకమీదట ఆకాశ కాలువ తలుపుగా పరిగణించబడును. మూసివేత కాలము ముగియువరకు ప్రతిదినమును తిప్పవలెను. తిప్పకపోవుట నేరము."

"మూసివేత ఎప్పుడు అయిపోతాది సామీ?" అంది మారెక్క.

మేమందరం కింద ఉన్న మా కాలువ వైపు చూశాం. జవాబు అందులోనే ఉంది.

"నా సున్నా?" అంది మేడం చిన్నగా.

"మూసివేత కాలములో ప్రవాహము సున్నాయే అమ్మా" అన్నారు డీఈ గారు. "ధారాళముగా వ్రాసుకొనుడు."

నేను సీలు పగలగొట్టాను. ఈసారి వేలు కాలలేదు. మారెక్క స్విచ్చి వేసింది. బెల్టు ఒకసారి దగ్గి, పట్టు అందుకుని, దడదడమని తిరిగింది. కుళ్లాయప్ప భుజాన రాగుల మూటతో అందరికన్నా ముందున్నాడు. రాగి పిండి పొగ షెడ్డంతా లేచి ఎస్ఈ గారి మీసాల మీద వాలింది. ఆయన తుడుచుకోలేదు. వాసన పీలుస్తూ నిలబడ్డారు. నాలుగోది వచ్చిందేమో తెలియదు. మిషను చప్పుడులో వినపడలేదు. ఆ విధంగా తలుపు పనిచేస్తున్నట్టు రుజువైంది.

షెడ్డు పక్కనే రాళ్లపొయ్యి పెట్టి ఎసరు మరిగించారు. మారెక్క పిండి పోసి, తెడ్డు తిప్పి, తడి చేత్తో ముద్దలు చేసింది. కుళ్లాయప్ప పెండ్లాం శెనక్కాయల పచ్చడి, మా దిక్కు దాన్ని ఊరిమిండి అంటాం, నూరింది. ఎస్ఈ గారు, డీఈ గారు, మేడం, మారెక్క, కుళ్లాయప్ప, ఆయన పెండ్లాం, నేను, షెడ్డు నీడన వరుసగా కూర్చున్నాం. నిశ్శబ్దం సర్క్యులర్‌ను ఎత్తేయడం ఎవరికీ గుర్తులేదు. కనుక ఎవరూ మాట్లాడలేదు.

మొదటి ముద్ద ఎస్ఈ గారు గబగబా తిన్నారు. రెండోది సగం అయ్యాక ఆయన చెయ్యి ఆగింది. చెవి ఒగ్గి విన్నారు. మిషను ఆపేసి చాలాసేపైంది, అయినా ఏమీ వినపడటం లేదు. ఆయన ఒకసారి ఆకాశం వైపు చూశారు. తర్వాత మెల్లగా తల వంచి, తన చొక్కా కింది గుండీ వైపు చూసుకున్నారు.

డీఈ గారు ఊరిమిండి వైపు చూశారు. మేడం పళ్లెం వైపు చూసింది. నేను ఎటూ చూడలేదు.

మారెక్క లేచి, ఆయన పళ్లెంలో ఇంకొక ముద్ద వేసింది. ఆయన దాన్ని కూడా తిన్నారు.